తాడ్వాయి అడవి ఎందుకు కూలింది, మీ ఊరి తాడి ఎందుకు నిలిచింది, మీ వేపను ఏం చేయాలి

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో అంత తక్కువ సమయంలో అన్ని వేల చెట్లు ఎలా కూలాయి? కాకినాడ దగ్గర మీ ఊరి చెరువు గట్టు మీద ఒంటరిగా ఉన్న తాడి 1996 నవంబరు తుపానుతో సహా అన్నిటినీ ఎలా తట్టుకుంది? ఇంటి ముందు పెద్ద వేపను కొట్టించేయమని చుట్టుపక్కలవాళ్లు అంటున్నారు, కొట్టించాలా? నేను అటవీ శాఖలో ఎక్కువ కాలం కోస్తాలోనే పనిచేశాను. ఇప్పుడు స్కూళ్లు, అపార్ట్‌మెంట్ల వాళ్లు పిలిస్తే వెళ్లి చెట్లు చూసి వస్తుంటాను. కాబట్టి చూసినదాన్ని బట్టి చెబుతాను.

ముందు జవాబు. చెట్టు గాలితో కుస్తీ పట్టదు. గాలికి దొరికే తన ఒంటిని తగ్గించుకుంటుంది, మిగిలిన తోపుడును మాను మీదుగా వేళ్లకు, వేళ్ల ద్వారా నేలకు దించేస్తుంది. ఆకు, కొమ్మ, మాను, వేరు, నేల, ఇన్నిట్లో ఏది ముందు చేతులెత్తేస్తే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మన దగ్గర తుపాన్లు వానతో కలిసి వస్తాయి కాబట్టి చాలాసార్లు ముందు ఓడిపోయేది నేలే. ఇంకో సంగతి, ఏ చెట్టయినా తాను పెరిగినప్పుడు తగిలిన గాలికే సిద్ధపడి ఉంటుంది. కొత్త దిక్కు నుంచి కొత్త బలంతో వచ్చే గాలికి సిద్ధంగా ఉండదు. మీ వేపను బహుశా కొట్టించనక్కర్లేదు. కానీ మొదలు చూడకుండా ఆ మాట ఖాయంగా చెప్పను, దాని గురించి చివర్లో రాస్తాను.

గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గోడకు, హోర్డింగుకు ఈ లెక్క అలాగే వర్తిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన హోర్డింగు మీద 120కి నాలుగు రెట్ల బరువు పడుతుంది. చెట్టు మాత్రం ఈ లెక్కకు పూర్తిగా దొరకదు. గాలి పెరిగేకొద్దీ ఆకులు చుట్టుకుంటాయి, ఒకదాని మీద ఒకటి ఒత్తుకుంటాయి, రెమ్మలు గాలి పోయే వైపు వాలతాయి. చెట్టు తల మొత్తం సన్నబడుతుంది. దాంతో తోపుడు నాలుగింతలు కావాల్సిన చోట అంతకన్నా బాగా తక్కువే పెరుగుతుంది. గాలి ఇంకా పెరిగితే ఆకులు రాలతాయి, ఆపైన రెమ్మలు, చిన్న కొమ్మలు విరుగుతాయి. రోడ్డంతా కొమ్మలు పడి ఉంటే మనకు నష్టంలా కనిపిస్తుంది. ఆ కొమ్మలు విరగబట్టే మాను నిలిచిన సందర్భాలు చాలా ఉంటాయి.

దీన్ని హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో అందరూ చూశారు. 2014 అక్టోబరు 12 తర్వాత కొండల మీద పచ్చదనం లేదు, నిలబడిన చెట్లకు ఆకు లేదు. చచ్చిపోయాయనుకుని కొన్నిటిని నరికించేశారు కూడా. ఓపిక పట్టిన చోట కొన్ని వారాల్లోనే మాను మీద, లావు కొమ్మల మీద కొత్త చిగుళ్లు వచ్చాయి. తుపాను తర్వాత ఆకు లేని చెట్టును చూడగానే గొడ్డలి తీయకండి. బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది.

ఇక కొమ్మలు. గాలి ఒకే బలంతో వీయదు, తెరలు తెరలుగా వస్తుంది. తెర వచ్చినప్పుడు చెట్టు వంగి, తెర పోగానే వెనక్కి వస్తుంది. సరిగ్గా ఆ ఊపులోనే ఇంకో తెర తగిలితే ఊపు పెరుగుతూ పోయి చెట్టు కూలాలి. అలా కాకుండా ఆపేవి కొమ్మలు. ప్రతి కొమ్మ పొడవు వేరు, బరువు వేరు, అందుకే ఊగే వేగమూ వేరు. ఒకటి ముందుకు పోతుంటే ఇంకోటి వెనక్కి వస్తుంది, రెమ్మలు రాసుకుంటాయి, ఊపులో ఉన్న శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. గుబురు చెట్టు గాలిలో గందరగోళంగా కదలడానికి కారణం ఇదే. ఆ గందరగోళమే మానును కాపాడుతుంది. ఇది తెలియక కొందరు "గాలి దూరిపోతుంది" అని లోపలి చిన్న కొమ్మలన్నీ కొట్టించేసి, పొడవాటి కొమ్మల చివర కుచ్చులు మాత్రం వదిలేస్తారు. బరువంతా చివరకు చేరుతుంది, ఊపును మింగే కొమ్మలు మాయమవుతాయి. చెట్టుకు అంతకన్నా అపకారం లేదు.

మాను విషయంలో జనానికి తెలియని సంగతి ఒకటుంది. పచ్చి కలప లాగితే ఎక్కువ తట్టుకుంటుంది, నొక్కితే త్వరగా నలుగుతుంది. వంగిన మానులో గాలి వచ్చే వైపు సాగుతుంది, అవతలి వైపు నలుగుతుంది. అంటే బలహీనత అవతలి వైపే. దానికి చెట్టు ముందే ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ఏటా కొత్తగా పుట్టే బయటి పొరలు నులకమంచానికి బిగించిన తాడులా లాగి ఉంటాయి. గాలికి వంగినప్పుడు నలగాల్సిన వైపు ముందు ఆ బిగువు సడలాలి, ఆ తర్వాతే నలగడం మొదలవుతుంది. కోత మిల్లులో పచ్చి దుంగను చీరుతుంటే పలకలు విల్లులా వంగిపోవడం చూసే ఉంటారు. లోపలి బిగువు విడిపోవడమే అది.

తొర్ర ఉన్న ప్రతి చెట్టూ పడిపోదు. లెక్క చూడండి. మాను వెడల్పులో సగం మేర నడుమ ఖాళీ అయినా వంపును తట్టుకునే బలంలో పోయేది దాదాపు 6 శాతమే. 70 శాతం వెడల్పు ఖాళీ అయితే సుమారు నాలుగో వంతు పోతుంది. భారమంతా బయటి చుట్టే మోస్తుంది కాబట్టి ఇలా ఉంటుంది. అయితే ఆ చుట్టు తెగకుండా పూర్తిగా ఉండాలి. ఒక పక్క నిలువునా చీలిక ఉన్నా, తొర్ర నేల దగ్గరి వేళ్లలోకి దిగినా ఈ లెక్క చెల్లదు.

ఇప్పుడు వేళ్లకు, నేలకు వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది. తల్లివేరు పాతాళానికి దిగి చెట్టును పట్టుకుని ఉంటుందని చాలామంది నమ్మకం. పెద్ద చెట్లలో ఎక్కువ వేళ్లు పై మీటరు లోతులోనే, అందులోనూ పై రెండడుగుల్లో ఉంటాయి. అడ్డంగా మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. ఆ వేళ్లు, వాటి మధ్య ఇరుక్కున్న మట్టి కలిసి ఒక పెద్ద పళ్లెంగా తయారవుతాయి. గాలి తోసినప్పుడు మూడు బలాలు చెట్టును ఆపుతాయి. గాలి వచ్చే వైపు వేళ్లు తాళ్లలా లాగిపడతాయి. పళ్లెం బరువు కిందికి గుంజుతుంది. అవతలి వైపు లావు వేళ్లు నేల మీద ఆనుకుంటాయి. ఈ మూడూ పనిచేయాలంటే మట్టి వేళ్లను పట్టి ఉంచాలి. రెండు రోజులు ముసురు పట్టి నేల నానిపోతే ఆ పట్టు పోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల ఎండు ఈదురుగాలికి కొమ్మలు విరుగుతాయి, అక్టోబరు, నవంబరు తుపానుకు చెట్లు వేళ్లతో సహా లేస్తాయి. ఆ కాలంలో మన చెట్లు నిండా ఆకుతో ఉంటాయి, అదొక అదనపు భారం.

తుపాను కన్ను మీదుగా పోతే ఇంకో సమస్య. ముందు ఒక దిక్కు నుంచి గాలి, తర్వాత కాసేపు ప్రశాంతం, ఆపైన ఎదురు దిక్కు నుంచి గాలి. మొదటి దఫాలో ఊగి ఊగి వేళ్ల చుట్టూ మట్టి వదులై ఉంటుంది, రెండో దఫా దాన్ని పడేస్తుంది. హుద్‌హుద్‌లో మొదటి గాలికి నిలిచి, వెనక గాలికి పడినవి కూడా ఉన్నాయి.

మొదట్లో "పెరిగిన గాలికే సిద్ధపడి ఉంటుంది" అన్నాను కదా. ఊగుతూ పెరిగే మొక్క పొట్టిగా, మొదలు లావుగా తయారవుతుంది, గాలి లాగే వైపు వేళ్లు గట్టిపరుచుకుంటుంది. కదలకుండా పెరిగిన మొక్క సన్నగా, పొడుగ్గా పోతుంది. రోడ్ల పక్క నాటిన మొక్కను కర్రకు పైనా కిందా బిగించి కట్టి, నాలుగేళ్లయినా విప్పకపోవడం మనకు అలవాటు. విప్పిన రోజు అది తన తలను తానే మోయలేదు. కర్ర కట్టాల్సి వస్తే ఎత్తులో మూడో వంతు దగ్గర వదులుగా కట్టండి, ఏడాదిలో తీసేయండి. నర్సరీలో పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉండి వేళ్లు గుండ్రంగా చుట్టుకున్న మొక్కనైతే కొననే వద్దు. ఆ చుట్టు పెద్దయ్యాక కూడా విడిపోదు.

ఇదే సూత్రం తోటలకు, అడవికి. గుంపు అంచున ఉన్న చెట్లు చిన్నప్పటి నుంచీ గాలి తిన్నవి. వాటికి కింది నుంచే కొమ్మలు, లావు మొదలు ఉంటాయి. లోపలివి వెలుతురు కోసం పోటీపడి సన్నగా సాగినవి. అంచు గాలిని పైకి ఎగదోస్తుంది, లోపల గాలి మెత్తబడుతుంది, పక్కపక్క తలలు రాసుకుని ఒకదాని ఊపును ఒకటి ఆపుకుంటాయి. ఈ ఏర్పాటు ఉన్నంత కాలం లోపలి సన్న చెట్టుకు భయం లేదు. ఒక సరుగుడు తోటలో కొనుగోలుదారు బండి తిరగడానికి వీలని సముద్రం వైపు వరసలు ముందు కొట్టించేశాడు, వెనక వరసలను పెరగనిద్దామని వదిలాడు. ఆ ఏడు వచ్చింది తుపాను కూడా కాదు, మామూలు వాయుగుండం. వెనక వరసలు చాప చుట్టేసినట్టు పడుకున్నాయి. తోట వయసు అదే, నేల అదే, మారింది అంచు ఒక్కటే. తోటలకు నేను వాడే కొలత ఒకటి చెబుతాను. ఎత్తును మాను వ్యాసంతో భాగించండి, రెండూ మీటర్లలోనే తీసుకుని. 20 మీటర్ల చెట్టు 20 సెంటీమీటర్ల లావే ఉంటే 100 వస్తుంది. 80 దాటినవి గుంపును నమ్ముకుని బతుకుతున్నట్టు లెక్క. వాటి పక్కవాటిని ఒకేసారి కొట్టకుండా ఏళ్ల మీద కొద్దికొద్దిగా పలచన చేయాలి.

ఇప్పుడు తాడ్వాయి. మొదటి అంచనాల్లో దాదాపు 200 హెక్టార్లలో 50 వేల చెట్లు అన్నారు. మీ అనుమానం న్యాయమైనదే, ఒకదానికొకటి అండగా ఉన్న అడవి కదా, ఎందుకు పడింది? అంచు ఇచ్చే రక్షణ పక్క నుంచి వచ్చే గాలికి పనిచేస్తుంది. ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి ఒక్కసారిగా కిందికి దూకి నలుదిక్కులా పరుచుకున్నా, సుడి తిరిగినా అది పై నుంచి నేరుగా అడవి నడుమన దిగుతుంది. అప్పుడు లోపలి సన్న చెట్లే అంచు చెట్లవుతాయి. ఒకటి పడితే తన బరువుతో పక్కదాన్ని తోస్తుంది, చిక్కుకున్న తీగలు మూడోదాన్ని లాగుతాయి, తెరుచుకున్న ఖాళీలోకి గాలి మరింత జోరుగా దూరుతుంది. దానికి తోడు ఆ రోజుల్లో తెలంగాణ అంతటా కుండపోత వానలు, ఖమ్మంలో మున్నేరు వరద అప్పటిదే. నేల పూర్తిగా నాని ఉంది. సుడిగాలా, కిందికి దూకిన గాలా అని అప్పట్లో చాలా వాదన జరిగింది. అటవీ సిబ్బంది అలాంటి చోట ముందు చూసేది చెట్లు పడిన దిక్కు. ఒక చోటి నుంచి విసనకర్రలా విచ్చుకుని పడితే దూకిన గాలి, అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి లోపలికి పడితే సుడి. గుండెలు బాదుకోవాల్సింది చెట్ల లెక్కకు కాదని నా అభిప్రాయం. కూలిన చోటు అడవిగానే ఉంటే, పశువులు, మంట పడకుండా కాపాడితే, మొదళ్ల నుంచీ విత్తనాల నుంచీ తిరిగి వస్తుంది. "శుభ్రం చేద్దాం" అని యంత్రాలు దించి నేలను తొక్కించేస్తేనే ఆలస్యం.

మీ తాడికి అదృష్టం కొంత, ఒంటి కట్టు చాలా. తాడి, కొబ్బరి, ఈత జాతులకు కొమ్మలుండవు, ఉన్నది ఒకే తల. పాత ఇళ్లలో తాటి దూలాలు ఎందుకు వాడేవారో గుర్తుంది కదా, బయట నల్లటి చేవ ఇనుములా ఉంటుంది, లోపల మెత్తటి బెండు. వంపును మోసేది బయటి చుట్టే అని పైన చెప్పిన లెక్కకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మొదలు నుంచి వేల సంఖ్యలో పీచువేళ్లు దిగుతాయి, ఒకటి తెగినా పోయేదేమీ లేదు. పైగా మీ తాడి పుట్టినప్పటి నుంచీ ఒంటరి, ప్రతి గాలినీ ఒళ్లంతా తిన్నది. చెరువు గట్టు మట్టి ఏళ్ల తరబడి గట్టిపడి ఉంటుంది.

అలాగని ఈ జాతి పడదని నమ్మకండి. 1996లో కోనసీమ కొబ్బరి, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి, జీడి ఎలా పోయాయో చూసినవాళ్లం. ఉద్దానంలో జీడి మామిళ్లు వెడల్పు తలతో, ఇసుక నేలలో, వేళ్లతో సహా తిరగబడ్డాయి. కొబ్బరి కొన్ని నడుమ విరిగాయి, కొన్నిటికి మాను నిలిచి తల నడుమ చిగురైన మొవ్వు మెలిపడిపోయింది. వేపకు తల పోతే పక్క నుంచి చిగురిస్తుంది, కొబ్బరికి మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మట్టలు విరిగి మొవ్వు నిటారుగా ఉన్నవి మాత్రం కోలుకుంటాయి.

దేనికైనా ఒక హద్దుంది. 2009 జనవరిలో ఫ్రాన్సు నైరుతి ప్రాంతాన్ని కొట్టిన తుపాను వివరాలు తీసుకుని అక్కడి భౌతిక శాస్త్రవేత్తలు 2016లో ఒక లెక్క కట్టారు. గాలి సెకనుకు 42 మీటర్లు, అంటే గంటకు సుమారు 150 కిలోమీటర్లకు చేరితే చెట్టు లావు, ఎత్తు, జాతి పెద్దగా తేడా చూపవని, దాదాపు అన్నీ విరుగుతాయని వాళ్లు తేల్చారు. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 170, 180 దాకా ఉంది. అంతటి గాలిలో నిలిచినవాటికి కొండ చాటో, భవనం చాటో ఉండి ఉండాలి, లేదా ముందే ఆకూ కొమ్మా వదిలేసి ఉండాలి. అందుకే "ఏ చెట్టు నాటితే తుపానుకు పడదు" అని అడిగితే నేను హామీ ఇవ్వను. నేను చూసినంతలో వేప, చింత, కానుగ, మర్రి, రావి మెరుగ్గా నిలిచాయి. తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు, నీలగిరి ముందు పోయాయి. అయితే ఇందులో సగం తప్పు జాతిది కాదు, రోడ్డు పక్కన మూడడుగుల గుంతలో నాటి చుట్టూ సిమెంటు పోసినవాళ్లది.

మీ వేప సంగతి. కొమ్మల వైపు చూసి భయపడటం మానేసి మొదలు చుట్టూ తిరగండి.

ముందుగా గత అయిదారేళ్లలో ఆ చెట్టు చుట్టూ ఎవరు ఏం తవ్వారో గుర్తు తెచ్చుకోండి. డ్రైనేజీ, కేబుల్, ప్రహరీ పునాది, సిమెంటు రోడ్డు, ఏదైనా సరే. మాను వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల ఒక పక్క లావు వేళ్లు తెగి ఉంటే అది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, చెట్టు పైకి ఎంత పచ్చగా కనిపించినా సరే. తర్వాత నేల చూడండి. గాలి వీస్తున్నప్పుడు మొదలు దగ్గర మట్టి లేస్తూ దిగుతూ ఉందా, ఒక పక్క కొత్తగా పగులు వచ్చిందా. అలా ఉంటే ఆలస్యం వద్దు, దాని కింద బండి కూడా పెట్టకండి. చెట్టు ఎప్పటి నుంచో వాలి ఉంటే భయం తక్కువ, ఈ మధ్యే వాలితే భయం ఎక్కువ. మొదట్లో పుట్టగొడుగులు, చెద పుట్ట, సుత్తితో కొడితే డొల్ల చప్పుడు ఉన్నాయేమో చూడండి. రెండు లావు కొమ్మలు ఇరుకు పంగగా కలిసిన చోట బెరడు లోపలికి మడతపడి ఉంటే గాలికి అక్కడే చీలుతుంది.

ఇవేవీ లేకపోతే చెట్టును ఉంచండి. ఎండు కొమ్మలు, ఇంటి కప్పు మీదికి వచ్చిన పొడవాటి కొమ్మల చివరలు వానలకు ముందే తీయించండి, ఒకేసారి నాలుగో వంతు కన్నా ఎక్కువ ఆకు పోకూడదు. తల నరికించడం మాత్రం వద్దు. నరికిన చోట గుత్తులుగా వచ్చే కొమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, రెండు మూడేళ్లలో అవే విరిగి మీద పడతాయి. మొదలు చుట్టూ సిమెంటు ఉంటే వీలైనంత పగలగొట్టించి మట్టి కనిపించేలా చేయండి, అక్కడ మట్టి పోసి గట్టు కట్టొద్దు. నిజంగా కొట్టాల్సిందే అని తేలితే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలేమో ముందు స్థానిక అటవీ కార్యాలయంలో కనుక్కోండి.

మొదలు ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీసి ఇక్కడే పెట్టండి, నేల, మాను కలిసే చోటు స్పష్టంగా కనిపించాలి. మీ ఇంటి ముందు రోడ్డు ఎప్పుడు వేశారో, చెట్టుకు ఎంత దూరంలో తవ్వారో కూడా రాస్తే ఉంచాలో, తీయించాలో చెప్పగలను.